నువ్వుకు నూనె శాతం చూసి ధర కట్టాలి

చెరకు రైతుకు రికవరీ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ఎఫ్‌ఆర్‌పీ క్వింటాకు 355 రూపాయలు. అది 10.25 శాతం రికవరీకి కట్టిన ధర. ఆపైన ప్రతి 0.1 శాతానికి 3 రూపాయల 46 పైసలు కలుస్తాయి. పామాయిల్ తోటల వాళ్లకూ అంతే. గెలల ధర నూనె దిగుబడి శాతం మీద ఆధారపడుతుంది కాబట్టే, తెలంగాణలో ఇచ్చే శాతం మనకెందుకు ఇవ్వరని గోదావరి జిల్లాల రైతులు రోడ్డెక్కారు. చెరకును పంచదార కోసం కొంటారు, పంచదార లెక్క ఉంది. గెలను నూనె కోసం కొంటారు, నూనె లెక్క ఉంది. నువ్వుకు మాత్రం లెక్క లేదు.

నువ్వుల బస్తా యార్డుకు వెళ్తే ఏం జరుగుతుందో మనకు తెలిసిందే. వ్యాపారి గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుంటాడు. రంగు చూస్తాడు, ఊదుతాడు, పంటి కింద వేసుకుంటాడు. తడి ఉందంటాడు, మట్టి ఉందంటాడు, తరుగు చెబుతాడు. ఇందులో ఎంత నూనె ఉందన్న మాట రాదు. ఆ బస్తా చివరికి చేరేది నూనెమిల్లుకైనా సరే.

నువ్వు గింజలో సుమారుగా 46 నుంచి 50 శాతం నూనె ఉంటుంది. రకాన్ని బట్టి, నేలను బట్టి, గింజ నిండే రోజుల్లో పడిన వానను బట్టి ఇది మారుతుంది. 2025-26కు నువ్వుల మద్దతు ధర క్వింటాకు 9,846 రూపాయలు. 48 శాతం నూనె ఉన్న గింజకు ఇదే ధర అనుకుని, చెక్క విలువ పక్కన పెడితే, ఒక్కో శాతం నూనె విలువ 205 రూపాయలు పడుతుంది. 50 శాతం ఉన్న బస్తా, 46 శాతం ఉన్న బస్తా ఒకే రేటుకు వెళ్తే మంచి గింజ పండించిన రైతు క్వింటాకు ఎనిమిది వందల పైచిలుకు తేడా వదులుకున్నట్టే. ఎలమంచిలి పరిశోధన కేంద్రం గౌరి, మాధవి నుంచి శారద దాకా ఎన్నో నువ్వు రకాలు ఇచ్చింది. రకం విడుదల చేసేటప్పుడు అక్కడ నూనె శాతం తప్పకుండా కొలుస్తారు. అదే విత్తనం మన చేలో పండి కల్లం దాటేసరికి ఆ కొలత మాయమవుతుంది.

కొలవడం కష్టమా అంటే, కాదు. పాత పద్ధతి సాక్‌స్లెట్. గింజను నూరి, తూచి, హెక్సేన్ లాంటి ద్రావకంతో కొన్ని గంటల పాటు కడిగి, ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలిన నూనెను తూకం వేస్తారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు సాక్‌స్లెట్ 1879లో పాలలో కొవ్వు తేల్చడానికి చేసిన పరికరమది. పాల రైతుకు వెన్న శాతం చూసి డబ్బులివ్వడం మనకు అలవాటైపోయిన సంగతే. ఇప్పుడైతే ఎన్‌ఎంఆర్ యంత్రంలో గింజను పగలగొట్టకుండానే నిమిషాల్లో నూనె శాతం తెలుస్తుంది. నూనెగింజల పరిశోధనాలయాలకు ఇది కొత్త కాదు. యార్డుకే రాలేదు.

ఇక తీసే పద్ధతి. మన ప్రాంతంలో గానుగ అంటే ముందు చెరకు గానుగే గుర్తుకొస్తుంది గానీ, నూనె గానుగ దానికంటే తక్కువదేమీ కాదు. 48 శాతం నూనె ఉన్న వంద కిలోల నువ్వులు గానుగాడితే చెక్కలో పన్నెండు శాతం దాకా నూనె ఉండిపోతుంది. మనకు దక్కేది 41 కిలోలు. ఎక్స్‌పెల్లర్‌లో ఆడితే చెక్కలో ఏడు శాతమే మిగిలి 44 కిలోల దాకా వస్తుంది. హెక్సేన్‌తో తీసే పెద్ద ఫ్యాక్టరీలు చెక్కలో ఒక్క శాతం కూడా వదలవు. అయితే ఆ నూనెను రిఫైన్ చేయకుండా తినడానికి అమ్మకూడదు. గానుగలో దక్కని ఆ మూడు కిలోలు పోయినట్టు కాదు, తెలగపిండిలోకి వెళ్తాయి. మునగాకుతో వండుకుంటే తెలుస్తుంది వాటి విలువ. పశువుకు పెట్టినా దండగ లేదు.

ఈ లెక్కనే లీటరుకు మార్చి చూడండి. లీటరు నూనె బరువు 920 గ్రాములు. దానికి ఎక్స్‌పెల్లర్‌లో రెండు కిలోల పైన, గానుగలో రెండుంపావు కిలోల గింజ కావాలి. మద్దతు ధర ప్రకారం గింజ ఖర్చే 205 నుంచి 220 రూపాయలు. ఆడించిన కూలి, కరెంటు, సీసా వేరు. చెక్క అమ్మితే కొంత వెనక్కి వస్తుంది, నిజమే. అయినా లీటరు నువ్వుల నూనె నూటయాభైకి అమ్మేవాడు ఆ సీసాలో ఏం పోశాడో అడగాల్సిందే. దుకాణాల్లో నువ్వుల బొమ్మ వేసి అమ్మే దీపం నూనె ప్యాకెట్లు తిప్పి చూడండి. వెనక చిన్న అక్షరాల్లో ‘తినడానికి కాదు’ అని ఉంటుంది. ఆ ఒక్క మాటతో ఆహార పరీక్షలన్నీ తప్పించుకోవచ్చు. మన పెద్దలు మంచినూనె అంటే నువ్వుల నూనే. ఆ పేరు మీద ఇప్పుడు జరుగుతున్న వ్యాపారం ఇది.

కల్తీ పట్టడానికి పరీక్షలున్నాయి, కానీ ఒక్కటే పరీక్షను నమ్ముకుంటే మోసపోతాం. నువ్వుల నూనెలో హైడ్రోక్లోరిక్ యాసిడ్, ఫర్‌ఫ్యురాల్ కలిపి ఊపితే గులాబీ రంగు వస్తుంది. దీన్ని బౌడౌన్ పరీక్ష అంటారు. నెయ్యిలో వనస్పతి కలిపితే దొరికిపోవాలనే, వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టారు. కానీ ఇదే మాటను తిరగేసి చూడండి. కొద్దిపాటి నువ్వుల నూనె ఉన్నా రంగు వస్తుంది. అంటే ఈ పరీక్ష నువ్వుల నూనె ఉందని చెబుతుంది, ఉన్నదంతా నువ్వుల నూనే అని చెప్పదు. అయోడిన్ వాల్యూ చూడాలి. నువ్వుల నూనెకు అది 103 నుంచి 120 మధ్య ఉండాలి. పామాయిల్‌కు 60 లోపే కాబట్టి బాగా కలిపితే అంకె పడిపోతుంది. తెలివైనవాడు సోయా నూనె కూడా కలిపి అంకె సరిచేస్తాడు. అప్పుడు ల్యాబులో ఫాటీ యాసిడ్ల వివరం తీయాల్సిందే.

కల్తీ సంగతి సరే, నాణ్యతలో మన చేతిలో ఉన్న భాగం కూడా ఉంది. కోసిన కట్టలు వానలో తడిసి కుప్పలోనే వేడెక్కితే గింజలోని నూనె విరుగుతుంది. యాసిడ్ వాల్యూ పెరిగి నూనె ముక్కిపోయిన వాసన కొడుతుంది. ఆహార ప్రమాణాల్లో దీనికి పరిమితి 6. కట్టలు నిలబెట్టి ఆరబెట్టాలి, తేమ 8 శాతం దాటిన గింజ బస్తాకెత్తకూడదు. పునాస నువ్వు కోతకొచ్చేది వానల్లోనే కాబట్టి టార్పాలిన్లు, ఆరబెట్టే చోటు అడగడం కూడా నాణ్యత డిమాండే.

నూనె శాతం లెక్క పెడితే వానకు దెబ్బతిన్న రైతుకు ఇంకా తక్కువ వస్తుందని కొందరు సభ్యులు అంటున్నారు. తరుగుకు ఇంకో సాకు దొరుకుతుందని మరికొందరి భయం. ఆ భయం న్యాయమైనదే. చెరకు రికవరీ ఎన్నేళ్లుగానో ఫ్యాక్టరీ ల్యాబులోనే తేలుతోంది, రైతు చూసింది కాగితం మీద అంకె మాత్రమే. అందుకే యంత్రం కొనేవాడి దగ్గర ఉండకూడదు. రైతు సేవా కేంద్రాల్లోనో, ఎలమంచిలి కేంద్రం పర్యవేక్షణలో యార్డులోనో ఉండాలి. పరీక్ష బేరానికి ముందే జరగాలి, చీటీ రైతు చేతికి రావాలి. మద్దతు ధర అడుగు ధరగా ఉండాలి. నూనె శాతం దానిపైన కలిపేదే తప్ప అందులోంచి కోసేది కాకూడదు.

కేంద్రం 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద దిగుమతి సుంకం 20 శాతానికి పెంచి, 2025 మే చివర్లో మళ్లీ 10కి దించింది. సుంకం తగ్గితే మన గింజ మీద ఎంత ఒత్తిడి పడుతుందో, కల్తీకి ఎంత చవక సరుకు దొరుకుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆవనూనెలో మరే నూనే కలపకూడదని 2021 జూన్ 8 నుంచి నిషేధం అమల్లో ఉంది. అదే నిషేధం నువ్వుల నూనెకూ కావాలి. దీపం నూనె ప్యాకెట్ల మీద ఏయే నూనె ఎంత శాతమో పెద్ద అక్షరాల్లో రాయించాలి.

వచ్చే పంట అమ్మకానికి ముందు ప్రతి గ్రామ కమిటీ రెండు మూడు చేలనుంచి అరకిలో చొప్పున గింజ నమూనాలు తీసి, రకం, విత్తిన తేదీ, కోసిన తేదీ రాసి మండల కమిటీకి పంపాలి. వాటిని పరీక్ష చేయించి, వచ్చిన శాతాలు, యార్డులో పలికిన ధరలు పక్కపక్కన ఇదే పత్రికలో అచ్చు వేస్తాం. కలెక్టరుకు ఇచ్చే వినతిపత్రానికి ఆ పట్టికనే జత చేస్తాం.