బల్లుల్ని కాదు, అవి దాక్కునే సందుల్ని లెక్కపెట్టాలి

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుంచి వెళ్లిన నేత కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి మరమగ్గాల షెడ్లలో రాత్రిపూట ట్యూబ్‌లైటు చుట్టూ ఐదారు బల్లులు చేరితే ‘అబ్బ, ఎన్ని బల్లులో!’ అని విసుక్కుంటాం. నన్నడిగితే, తెల్లవారాక అవన్నీ ఎక్కడ తలదాచుకుంటాయన్నదే అసలు ప్రశ్న.

గుజరాత్ ఇళ్లలో తరచూ కనిపించే పసుపు పొట్ట బల్లి పగలు గోడ పగుళ్లలో గడుపుతుంది. లైటు దగ్గర పురుగులు దండిగా ఉంటే పక్కబల్లిని కొంతవరకు సహిస్తుంది. దాక్కునే చోటు తక్కువైతే మాత్రం బలమైనది లోపల ఉంటుంది, బలహీనమైనది కాకి కంట పడుతుంది. అలాంటప్పుడు బల్లుల రక్తంలో కార్టికోస్టిరోన్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది. కాసేపు పెరిగితే మంచిదే, పారిపోవడానికి శక్తినిస్తుంది. రోజుల తరబడి తగ్గకపోతే సంతానోత్పత్తి, రోగనిరోధక శక్తి దెబ్బతింటాయి.

గుంపు ఎక్కువైనంత మాత్రాన ఎప్పుడూ కొట్లాటే జరుగుతుందని కాదు. మెక్సికోలో ఒక రాతిగోడలో కిక్కిరిసి ఉన్న నల్ల ఇగ్వానాలను గమనించి ఎల్.టి. ఎవాన్స్ 1951లో రాశారు. ఒక మగది పెత్తనం చేస్తుంటే మిగతా మగవి దాని కింద వరుసగా సర్దుకున్నాయి. రాళ్ల మధ్య సందులుండబట్టే అది కుదిరిందని నా అభిప్రాయం. మన దగ్గర బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అనురాధ బతబ్యాల్, మరియా ఠాకర్ 2019లో రాతి తొండల మీద చేసిన పరిశోధన కూడా ఆశ్రయం విలువను చూపించింది. రెండు ఆశ్రయాల్లో ఏది సురక్షితమో ఊళ్లలోని తొండల కంటే నగర శివార్ల తొండలే త్వరగా నేర్చుకున్నాయి.

కాబట్టి జూలలోనైనా, ప్రయోగశాలల్లోనైనా, ఇగ్వానా పెంచే ఇళ్లలోనైనా ‘పెట్టెకు ఎన్ని’ అన్న లెక్క చాలదు. బల్లుల కన్నా ఆశ్రయాలు ఎక్కువ ఉండాలి. ఒకే మగది అన్నింటికీ కాపలా కాయలేనంత ఎడంగా ఉండాలి. వెచ్చని వైపు, చల్లని వైపు రెండు చోట్లా ఉండాలి. లేదంటే బయటి వేడితో ఒళ్లు కాచుకునే ఈ ప్రాణులు వెచ్చదనమో, భద్రతో ఏదో ఒకటి వదులుకోవాలి.

సూరత్ బడిపిల్లలకు ఇది ఖర్చులేని ప్రాజెక్టు. దీపావళికి గోడల పగుళ్లు పూడ్చి సున్నం వేయక ముందు ఒకసారి, వేశాక ఒకసారి లైటు కింద బల్లుల్ని, వాటిలో తోక తెగినవాటిని లెక్కపెట్టి రాసిపెడితే చాలు.