చౌక తుపాకియు తొలినాటి గురియు

తుపాకి చౌకయైన మాత్రమున చెడ్డదనుటయు, గురిమైదానమున తొలినాడు చక్కగ ప్రేలిన మాత్రమున మంచిదనుటయు రెండును తొందరపాటు మాటలే. 2024 నవంబరులో భారత సైన్యపు ఉత్తర మండలమునకు 550 ‘అస్మి’ తుపాకులు చేరినవన్న వార్త వెలువడినది మొదలు ఈ రెండు మాటలును మా చెవిని పడుచున్నవి.

మహూలోని పదాతిదళ విద్యాలయమును, పూనాలోని ఆయుధ పరిశోధన సంస్థయు కలసి దీనిని నాలుగు నెలలలో రూపొందించినట్లు 2021 జనవరిలో రక్షణశాఖవారు ప్రకటించిరి. రూపకర్త సైన్యాధికారి ప్రసాద్ బన్సోడ్ గారు. ఇది 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాను కాల్చును. మీదిభాగము విమానములకు వాడు అల్యూమినియముతోను, క్రిందిభాగము కార్బను నారతోను చేయబడినవి. గొట్టము ఎనిమిదంగుళములు, మేగజైనులో 33 తూటాలు పట్టును. వెల 50 వేల రూపాయలకు లోపు. తయారుచేయునది హైదరాబాదులోని లోకేష్ మెషీన్సు కంపెనీ యగుట తెలుగువారికి సంతోషదాయకము. కాని ఆ సంతోషము పరీక్షకు బదులు కాజాలదు.

పండ్రెండు బోరు తుపాకి భుజమును గ్రుద్దు గ్రుద్దు మన పాఠకులలో ననేకు లెరుగుదురు. పిస్తోలు తూటాను భుజమున కానించి కాల్చు తుపాకిలో ఆ బాధ లేదు. పిస్తోలును పట్టిన చేయి వణకును. దీనికి భుజము, చెక్కిలి, రెండు చేతులు ఊత. కావున ఎన్నడును తుపాకి పట్టనివాడు సైతము పాతిక గజములలో తూటాలను ఒకచోటనే నాటి, ఇంతకంటె మంచి ఆయుధము లేదని మురియును. ఆ మెప్పులో సగము తూటాకు చెందవలసినది. ఈ జాతి తుపాకులలో పెక్కింటి చౌకదనమునకును ఆ తూటాయే మూలము. దాని ఒత్తిడి తక్కువ గనుక గొట్టమును బిగించు తాళపు అమరిక అక్కరలేదు. బోల్టు బరువును స్ప్రింగును చాలును. అదే తూటా దూరము పోనుపోను చప్పబడును. నేటి కవచములలో పెక్కింటిని ఛేదింపజాలదు. ‘అస్మి’కి చెప్పబడిన దూరము నూరు మీటర్లు. (లైసెన్సుగల మన పాఠకులు దీనికై ఆశపడ నక్కరలేదు. ఆ తూటా ప్రజలకు నిషిద్ధము.)

సంతలో బేరగాడు నడిపించి చూపిన ఎద్దును చూచి బయానా ఇచ్చు రైతు కలడా? కాడి కట్టించి, తడిదుక్కిలో రెండు చాళ్లు తోలించును. గురిమైదానమున తుపాకికి నూనె పెట్టియుందురు, తూటాలు క్రొత్తవి, కాల్చువాడు పరుగెత్తి వచ్చినవాడు కాడు.

ఇందుకు బ్రిటిషువారి స్టెన్ తుపాకియే నిదర్శనము. 1940లో డంకర్కునుండి మరలిన సైన్యము ఆయుధములను ఫ్రాన్సులో విడిచివచ్చెను. అమెరికానుండి వచ్చు థాంప్సను తుపాకులు మిక్కిలి ప్రియము. అప్పుడు షెపర్డు, టర్పిను అను నిరువురు రేకును మడచి, గొట్టమున కతికించి, 1941లో స్టెన్నును సిద్ధపరచిరి. రెండు మూడు పౌనుల ఖర్చుతో తయారగు ఆ తుపాకి యుద్ధకాలమున దాదాపు 40 లక్షలు తయారైనది. ఆపత్కాలమున అది చేసిన మేలు కాదనరానిది. కాని బోల్టు ముందున్నప్పుడు తుపాకి మడమ నేలకు తగిలెనా, ఆ బోల్టు కొంత వెనుకకు జరిగి, ఒక తూటాను లాగికొని, తనంతట తానే ప్రేల్చెడిది. తన తుపాకిచేతనే గాయపడిన సైనికులు కలరు. పిమ్మట మీటను లోపలికి నొక్కి బోల్టును బంధించు ఏర్పాటు చేసిరి. మేగజైనులో 32 తూటాలు పట్టినను, అడ్డుపడునను భయమున సైనికులు రెండు మూడు తక్కువగా నింపెడివారు. ఈ దోషములలో ఒక్కటియు ధరల పట్టికలో కానరాదు.

దాని తరువాతి స్టెర్లింగు తుపాకి ఆ పాఠము నేర్చినది. మురికిని త్రోసివేయుటకై బోల్టుపై మెలిగాడులు చెక్కిరి. మేగజైనులో తూటాలను త్రోయు పలకకు ఉరుళ్లు అమర్చిరి. 1963 మొదలు కాన్పూరులో మనదేశమున తయారైనది ఇదియే. మన సిపాయిలు, పోలీసులు దానిని దశాబ్దములు మోసిరి.

‘అస్మి’కి స్టెన్నులోని దోషము లున్నవని మే మనుట లేదు. నాలుగు నెలలలో పుట్టినదని శంకించుటయు న్యాయము కాదు. కాని ఉత్తర మండలమనగా లడక్కు చలి, కాశ్మీరపు మంచు. అచ్చట నూనె గడ్డకట్టును, చేతికి తొడుగు లుండును. వేయి తూటాలకు ఎన్ని అడ్డుపడినవి? తూటా నింపిన తుపాకి రాతిమీద పడినచో ఏమైనది? కార్బను నార క్రిందిభాగము రెండు శీతకాలముల పిమ్మట ఎట్లున్నది? శత్రువునకు ఉపకరించు రహస్యము లిందులో లేవు. ఆ 550 తుపాకుల మంచిచెడ్డల లెక్కను పార్లమెంటు రక్షణ స్థాయీసంఘము ముందుంచిన పిమ్మటనే వేల సంఖ్యలో కొనుగోలు సాగింపవలెనని రక్షణశాఖవారిని కోరుచున్నాము.