లాటిను బిడ్డలు

హైదరాబాదునందలి ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున ఫ్రెంచి, స్పానిషు భాషలలో బి. ఏ. చదువవచ్చును. ఈ చదువు కూడు పెట్టునాయని తండ్రులడుగుట సహజమే. అనువాదకోద్యోగము దొరకునను సమాధానము, యంత్రములే అనువదించు నీ దినములలో నిలువదు. మా సమాధానము వేరు.

ఈ భాషలు లాటిను బిడ్డలు. పండితుల లాటిను జనులకు బోధపడకుండుటచే, 813లో తూర్ నగరమునందలి మతసభ, ప్రసంగములను జనుల పలుకుబడిలోనికి మార్చి చెప్పుడని శాసించెను. దాంతే దేశభాషను సమర్థించుచు లాటినులో గ్రంథము వ్రాసెను. మహాకావ్యమును మాత్రము దేశభాషలోనే రచించెను. గ్రాంథిక వ్యావహారిక వాదము నెఱిగిన తెలుగువారికిది పరాయి కథయా?

కావున ఒక్క భాషలో సంభాషణ నేర్పి పట్టమిచ్చుట చాలదు. లాటినును, మఱియొక సోదరభాషను కొంతయైన నేర్పవలయును. అట్లు చదివినవానికే తన తల్లిభాష నడకయు తెలియును.