గ్రీకు వైద్యపదములు – పదచ్ఛేదము

గ్రీకు నుండి వచ్చిన వైద్యశాస్త్ర పదముల పొడుగు చూచి తెలుగు విద్యార్థి జంకును. జంకి, ఒక్క ఊపిరిలో అప్పగించును. అప్పగించుట చదువు కాదు. ‘రామాలయము’ నోట రా–మా–ల–యము అని అక్షరములుగా విడిపోవును. అర్థము కొరకు విడదీసినచో రామ, ఆలయము అని రెండు పదములు తేలును. ఈ రెండు విభజనలు ఒకటి కావని ఉన్నత పాఠశాల బాలునకు సైతము తెలియును. ‘నెఫ్రాలజీ’ సంగతియు నంతే. నోటికి నె–ఫ్రా–ల–జీ, అర్థమునకు మూత్రపిండమను ‘నెఫ్రోస్’, శాస్త్రమను భావమిచ్చు ‘లోగియా’. ఊనిక ‘ఫ్రా’ మీద పడుటచే అతుకు మాసిపోవును. ఈ అతుకును చూపుట శాస్త్రోపాధ్యాయుడు తన పని కాదనుకొనును. నిజమునకు చూపదగినవాడు తెలుగు పండితుడే.

ఏలయన, నఞ్ తత్పురుషమును బోధించునది ఆయనయే. హల్లుకు ముందు ‘అ’, అచ్చుకు ముందు ‘అన్’: అధర్మము, అనుచితము. గ్రీకులోను ఇదే పద్ధతి. ఆ భాషకు, సంస్కృతమునకు మూలమొక్కటి. శ్వాసకు ముందు ‘అ’ చేరి ‘ఆప్నియా’ అయినది. రక్తమను ‘హైమా’కు ముందు ‘అన్’ చేరగా హకారము లోపించి ‘అనీమియా’ అయినది. 1846లో బోస్టను నగరమున ఈథరుతో శస్త్రచికిత్స ప్రదర్శింపబడిన పిదప ఆలివర్ వెండెల్ హోమ్స్ సూచించిన ‘అనస్థీసియా’ కూడ అట్టిదే: అన్, ఐస్థేసిస్, అనగా స్పృహ లేమి. తెలుగు లిపిలో చూచి ‘అస్థి’ని వెదకువారు లేకపోలేదు, ఎముకకు అచట తావు లేదు.

‘న్యుమోనియా’లో ఆంగ్లేయులు మొదటి పకారమును వ్రాయుదురు, పలుకరు. ‘డిస్ప్నియా’లో పలుకుదురు. పదాదియందు బరువైన ‘ప్న’ పదమధ్యమున రెండక్షరములకు పంచబడి తేలికయగును. స్వప్నమును పలుకు నాలుకకు ఇందు కష్టమేమి? అందలి ‘డిస్’ మన ‘దుస్’కు జ్ఞాతియే.

ప్రాణముతో ముడిపడిన జంట వేరొకటి కలదు. ‘హైపో’ మన ‘ఉప’కు, ‘హైపర్’ మన ‘ఉపరి’కి బంధువులు. హైపోగ్లైసీమియాలో రక్తమున చక్కెర తగ్గును. రోగికి చక్కెర ఈయవలెను. హైపర్‌గ్లైసీమియాలో పెరుగును, తరచుగా ఇన్సులిన్ కావలసివచ్చును. వడిగా పలికినచో, అందును టెలిఫోనులో, రెండును ఒక్కటిగా వినబడును. ఉపసర్గ చివర రవంత ఆగి, ‘గ్లై’ని వేరుగా ఎత్తుకొనుట మేలు. అప్పటికిని సందేహమున్నచో ‘చక్కెర తక్కువ’ అని తెలుగు మాట జోడించుటలో చిన్నతనమేమియు లేదు.