ముప్పై ఇండెక్సులు, ఒక్కటే పేజీ

పోయిన సెమిస్టర్‌లో మా రూమ్‌మేట్ వాళ్ళ అక్క పెళ్లి వీడియోలు నా చేతుల్లో పోయాయి. ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అయిందని వాడు గోల పెడుతుంటే, "నా డెస్క్‌టాప్‌లో వేసేయ్ రా, రెండు డిస్కులున్నాయి, రోజూ స్నాప్‌షాట్ తీస్తున్నా, ఫోన్‌లోవి డిలీట్ చేసుకో" అని చెప్పింది నేనే. రెండు నెలల తర్వాత తలంబ్రాల క్లిప్ ఓపెన్ చేస్తే రాలేదు. ఫైల్ పేరుంది, సైజుంది, ప్లే చేస్తే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. ఇంకో రెండు క్లిప్‌లదీ అదే పరిస్థితి. వాడు "పోనీలే రా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఈ సంగతి చెప్పగానే ఒక సీనియర్ అన్న మాట: "బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఎవడు వాడమన్నాడు? ఈఎక్స్‌టీ4 పెట్టుకుని హాయిగా ఉండక!" నేను ఒప్పుకోను. ఫైల్ సిస్టమ్ తన పని తాను చేసింది. దాన్ని పెట్టేసి, మళ్ళీ తిరిగి చూడనిది నేను.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని 2007లో ఒరాకిల్‌లో ఉన్నప్పుడు క్రిస్ మేసన్ మొదలుపెట్టాడు. 2009లో అది లినక్స్ కెర్నెల్‌లోకి వచ్చింది. ఇది కాపీ-ఆన్-రైట్ పద్ధతిలో నడుస్తుంది. అంటే ఏంటో మన ల్యాబ్ రికార్డుతో చెప్తాను. ఒక ప్రోగ్రామ్ తప్పు రాశారు. వైట్‌నర్ పూసి దాని మీదే రాయొచ్చు. లేదా పాత పేజీ ముట్టుకోకుండా కొత్త పేజీలో రాసి, ఇండెక్స్‌లో పేజీ నంబర్ మార్చొచ్చు. రెండోదే కాపీ-ఆన్-రైట్. మధ్యలో కరెంటు పోయినా పాత పేజీ పాతగానే ఉంటుంది.

మరి స్నాప్‌షాట్? ఇండెక్స్ పేజీకి ఒక జిరాక్స్, అంతే. అందుకే అది సెకనులో అయిపోతుంది, మొదట్లో చోటు కూడా దాదాపు తీసుకోదు. ఫైల్ పొరపాటున డిలీట్ చేస్తే పాత ఇండెక్స్ పట్టుకుని వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ ఆ పేజీ మీదే టీ ఒలికితే? నా దగ్గర ముప్పై స్నాప్‌షాట్లున్నాయి. ముప్పై ఇండెక్సులూ నన్ను పంపింది ఆ ఒక్క తడిసిన పేజీకే.

"రెండో డిస్క్ ఉంది కదా" అంటారు. నేనూ అలాగే అనుకున్నా. మొదట 1 టీబీ డిస్క్ ఒక్కటే ఉండేది. తర్వాత సెకండ్ హ్యాండ్‌లో ఇంకో 1 టీబీ కొని, డివైస్ యాడ్ కమాండ్ కొట్టి, పనైపోయిందనుకున్నా. ఆ కమాండ్ చోటు కలుపుతుందే తప్ప ఉన్న డేటాకి రెండో కాపీ చేయదు. డేటా సింగిల్ ప్రొఫైల్‌లో ఉంటే సింగిల్‌లోనే ఉంటుంది. రెండు కాపీలు కావాలంటే బ్యాలెన్స్ కమాండ్‌తో రెయిడ్1కి కన్వర్ట్ చేయాలి. మొత్తం సైజు దాదాపు 2 టీబీ అని చూపించినప్పుడే నాకు డౌట్ రావాల్సింది. ప్రతిదానికీ రెండు కాపీలుంటే అది 1 టీబీయే కదా! నేనేమో 2 టీబీ చూసి సంతోషపడ్డా.

పాత డిస్క్‌లో కొన్ని సెక్టార్లు చెడిపోయాయి. వాటి మీద ఈఎక్స్‌టీ4 ఉన్నా చదవలేకపోయేది. అదే రెయిడ్1 చేసి ఉంటే, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రెండో కాపీ నుంచి చదివి, చెడిన కాపీని కూడా సరిచేయడానికి ప్రయత్నించేది. పైగా డివైస్ స్టాట్స్‌లో రీడ్ ఎర్రర్ల లెక్క పెరుగుతూనే ఉంది. అది చెప్తూనే ఉంది, నేను అడగలేదు. చివరికి చదవగలిగినంత డేటా బయటికి లాగితే రెండు క్లిప్‌లు ఆగి ఆగి ఆడుతున్నాయి. తలంబ్రాలది తెరుచుకోనే లేదు.

ఇంత మెయింటెనెన్స్ ఎవరు చేస్తారనే ప్రశ్న న్యాయమైనదే. రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌ని తీసేసింది. అదే రెడ్ హ్యాట్ అండ ఉన్న ఫెడోరా మాత్రం 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి వర్క్‌స్టేషన్‌లో దాన్నే డిఫాల్ట్‌గా ఇస్తోంది. పెద్దవాళ్ళకే ఏకాభిప్రాయం లేదు. రెయిడ్5, రెయిడ్6లని నమ్ముకోవద్దని దాని డాక్యుమెంటేషనే చెప్తుంది. అయినా నేను దీన్నే వాడతాను. ఎందుకంటే ఈఎక్స్‌టీ4 ఫైల్ లోపలి డేటాకి చెక్‌సమ్ పెట్టదు. డిస్క్ తప్పు డేటా ఇచ్చినా, అదే మనకి ఇచ్చేస్తుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ తప్పుని తప్పని చెప్తుంది.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. నెలకోసారి స్క్రబ్: ప్రతి బ్లాకూ చదివి, చెక్‌సమ్ పోల్చి, రెయిడ్1 ఉంటే తేడాలు సరిచేస్తుంది. వారానికోసారి డివైస్ స్టాట్స్, అందులో సున్నా కాని అంకె కనిపిస్తే ఆ రోజు సినిమా క్యాన్సిల్. ఎవరికీ కేటాయించని చోటు కొంత ఉండేలా చూసుకోవడం, లేకపోతే ఖాళీ కనిపిస్తున్నా "నో స్పేస్" అని ఆగిపోవచ్చు. ఇవన్నీ అయ్యాక, వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి సెండ్-రిసీవ్‌తో బ్యాకప్. రెయిడ్1 కూడా బ్యాకప్ కాదు. నేను పొరపాటున డిలీట్ కొడితే రెండు కాపీలూ ఒకేసారి పోతాయి.

ఓఎస్ పేపర్‌లో ఐనోడ్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. డిస్క్ చస్తే ఏం చేయాలో ఏ ల్యాబ్‌లోనూ చేయలేదు. వర్చువల్ మెషీన్‌లో మూడు చిన్న డిస్కులు పెట్టి, ఒకటి పీకేసి, డేటా వెనక్కి తెమ్మంటే చాలు. ఒక్క ల్యాబ్ సెషన్ పని. ఇది సిలబస్‌లో ఉండాలి.

అప్పటిదాకా, మీ దగ్గర రెండు డిస్కుల సెటప్ ఉంటే ఈ రాత్రికి ఒక్కసారి ఫైల్ సిస్టమ్ యూసేజ్ కమాండ్ కొట్టి చూడండి. డేటా పక్కన సింగిల్ అని కనిపిస్తే, ముందు మీ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, ఫోన్‌లోవి డిలీట్ చేయొద్దని చెప్పండి.