తెరమీఁది యుక్కు, కొలిమిలోని యుక్కు

నేఁటి విద్యార్థులలో నొక నమ్మకము బలముగా నాటుకొనుచున్నది. కంప్యూటరు చెప్పినదే సత్యమనియు, ఇఁకఁ జేతితోఁ బరీక్షింపఁ బనిలేదనియుఁ బలువు రనుచున్నారు. ఇది సరికాదని మా తలంపు. ఉక్కు కర్మాగారములలోని యొక పనిని దృష్టాంతముగాఁ గైకొని మా యభిప్రాయమును విన్నవింతుము.

కరగిన యుక్కును ఎడతెగక పోఁతపోసి స్లాబులుగాఁ జేయుదురు. స్లాబు మందము తఱచుగా 200 మొదలు 250 మిల్లీమీటర్లు. వెడల్పు మీటరునకుఁ బైగా నుండును. ఈ వెడల్పు అచ్చును బట్టి యేర్పడును. కొనువారో పలు వెడల్పుల రేకులు కోరుదురు. ప్రతి వెడల్పునకును అచ్చు మార్చుట కాలహరణము, వ్యయము. కాఁబట్టి స్లాబును సుమారు 1200 డిగ్రీల సెంటీగ్రేడు వఱకుఁ గాఁచి, నిలువుగా నిలిపిన రెండు రోలర్ల నడుమఁ బోనిచ్చి, ప్రక్కలనుండి నొక్కి వెడల్పు తగ్గింతురు.

చూచుట కిది సులభమువలెఁ దోఁచును. కాని కమ్మరి ఇనుపపట్టె యంచుమీఁద సమ్మెటతోఁ గొట్టునప్పుడు, దెబ్బ తగిలినచోట నంచు ఉబ్బును గాని నడిమిభాగ మంతగాఁ గదలదు. స్లాబునందును అంతియే. నొక్కుడు నడిమివఱకుఁ బోక, అంచులయొద్దనే లోహము పైకిని క్రిందికిని లేచును. అడ్డముగాఁ గోసి చూచినచో ఎముక యాకారము గానవచ్చును. అందుచే ఆ వృత్తివారు దానిని 'డాగ్‌బోన్' అందురు. తరువాత అడ్డముగా నుండు రోలర్లు ఆ యుబ్బు నణఁపఁగా, లోహము మరలఁ బ్రక్కలకుఁ బాఱి, తగ్గిన వెడల్పులోఁ గొంత తిరిగివచ్చును. కొనలయం దంచులు సాగి, నడుమ వెనుకఁబడి, చేఁపతోక యేర్పడును. దానిని గోసి మరలఁ గరగింపవలయును. అంతవఱకుఁ బడిన శ్రమయు, ఇంధనమును వ్యర్థము.

పూర్వము ఈ మార్పులఁ దెలిసికొనుటకు ప్లాస్టిసీను, సీసము వంటి మెత్తని పదార్థములతోఁ జిన్న స్లాబులఁ జేసి, నొక్కి కొలుచుచుండిరి. లోహ మెప్పుడు లొంగునో తెలుపు నియమమును ఫాన్ మీజెస్ 1913లోను, రోలింగునకుఁ జెందిన సమీకరణమును ఫాన్ కార్మాన్ 1925లోను వెల్లడించిరి. వస్తువును వేలకొలఁది చిన్న ఖండములుగా భావించి లెక్కించు పద్ధతికి 1960లో రే క్లఫ్ 'ఫైనైట్ ఎలిమెంట్' అను పేరిడెను. 1973లో లీ, కొబయాషి యనువారు దానిని లోహములను రూపుదిద్దు పనికి అనువుగా సవరించిరి. నేఁడు కిలో యుక్కైనఁ జెడకుండ, పది తీరుల రోలర్లను తెరమీఁదనే పరీక్షింపవచ్చును. ఇది గొప్ప మేలని మేము నిస్సంశయముగా నంగీకరింతుము.

అయినను ఆ లెక్కకు మూలమైన యంకెలను మనుష్యుఁడే యీయవలయును. ఆ వేఁడిమిలో నుక్కు బల మెంత? రోలరునకును స్లాబునకును ఘర్షణ యెంత? గాలికిని రోలరునకును పోవు వేఁడి యెంత? వీనిలో నొకటి తప్పినను, తప్పు ఫలితమే చక్కని రంగుల బొమ్మగా వెలువడును. మఱియు, పైక్రిందులును కుడియెడమలును సమానమే యని తలఁచి, స్లాబులో నాలుగవవంతునే లెక్కించుట వాడుక. కొలిమిలో స్లాబు ఆనియుండు దూలములయొద్ద వేఁడిమి తక్కువగుట కలదు. పైక్రిందులు సమానమని ముందే యొప్పుకొన్న లెక్క యీ భేదము నెట్లు చూపఁగలదు?

అట్లని మెత్తని నమూనాలే మేలనుటయుఁ దగదు. ప్లాస్టిసీను కాఁగిన యుక్కువలెఁ జల్లారదు. లెక్కను కొలతయు, కొలతను లెక్కయు దిద్దుకొనుచుండవలయును.

ఈ యలవాటు పాఠశాలలోనే కలుగవలయును. బంకమంటితో నొక పలకఁ జేసి, ప్రక్కలను రెండు కఱ్ఱలతో నొక్కినఁ జాలును. ఘనపరిమాణము మాఱదను నియమమును బట్టి యుబ్బు ఎంత యుండునో ముందుగా వ్రాసికొని, పిదపఁ గొలిచి, రెంటికిఁ గల భేదమునకుఁ గారణము వెదకవలయును. ఖర్చులేని యీ యభ్యాసమును మన ప్రయోగశాలలోఁ బ్రవేశపెట్టుఁడని ఉపాధ్యాయవర్యులను సవినయముగా వేఁడుచున్నాము.