బయానా ఇచ్చాక వెనక్కి రావడం తప్పు కాదు

"బయానా ఇచ్చినవు, నలుగురి ముంగట మాట ఇచ్చినవు. ఇప్పుడు వద్దంటే ఇజ్జత్ పోతది." ఫ్లాటు కాగితాల్లో తేడా కనిపించి, కొనాలా మానాలా అని మథనపడే కుటుంబానికి వికారాబాద్‌లోనైనా తాండూరులోనైనా మొదట వినిపించేది ఈ మాటే. వెంటనే మిగతావి వస్తాయి. లోపం లేని ఇల్లు ఎక్కడుంది? బిల్డరు మనూరోడే. బ్యాంకు లోనిస్తానంటోంది. హెచ్‌ఎండీఏ వికారాబాద్ దాకా వచ్చింది, రేపు రేటు ఆగదు. చెప్పేవాళ్లు మేలు కోరే చెబుతారు. కానీ ఈ సలహా తప్పు. ఇది చాలా కుటుంబాలను ముంచే సలహా.

ముందు ఇజ్జత్ సంగతి చూద్దాం. అమ్మకంలో మాట ఇచ్చేది కొనేవాడు ఒక్కడే కాదు. కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉందని అమ్మేవాడికి తెలిస్తే, దాన్ని బయటపెట్టి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. దాచితే అది మోసం కిందే లెక్క. కొనేవాడు సరైన కారణంతో కాదన్నప్పుడు, అతను ఇచ్చిన బయానాకు ఆ ఆస్తే పూచీ అనీ అదే సెక్షన్ అంటుంది. స్థిరాస్తి నియంత్రణ చట్టం రెరా రావడానికి 130 ఏళ్ల ముందే చట్టం ఇంత స్పష్టంగా ఉంటే, మాట తప్పినవాడన్న నింద ఇప్పటికీ కొనేవాడి మీదే ఎందుకు పడాలి? తాండూరులో బండలు కొనేవాళ్లు పగులున్న బండను పక్కన పెట్టించి మంచివే లారీకి ఎక్కిస్తారు. దానికి ఎవరూ తప్పుపట్టరు. నలభై లక్షల ఫ్లాటుకు ఆ పాటి హక్కు కూడా లేదా?

"ఎక్కడ లేవు లోపాలు" అనే మాట మరీ ప్రమాదం. గోడ చెమ్మ, వంకర టైల్సు, సరిగా పడని తలుపు బాగుచేయించుకోగల లోపాలు. వాటికోసం ఫ్లాటు వదులుకోనక్కర్లేదు. కానీ మున్సిపాలిటీ స్టిల్టు మీద మూడంతస్తులకు అనుమతిస్తే నాలుగు కట్టారనుకోండి. మీకు చూపించింది ఆ నాలుగో అంతస్తులోని ఫ్లాటే, కింద వాటికన్నా రెండు లక్షలు తక్కువకు. అడిగితే "బీఆర్‌ఎస్‌లో రెగ్యులర్ అయిపోతది" అంటారు. 2015లో వచ్చిన ఆ భవనాల క్రమబద్ధీకరణ పథకం 2015 అక్టోబరు 28 లోపు కట్టినవాటికే. ఆ దరఖాస్తులే హైకోర్టు కేసుతో ఏళ్ల తరబడి ఆగిపోయాయి. నిన్న పోసిన స్లాబుకు ఆ పథకంతో సంబంధమే లేదు.

చిక్కు ఆ ఒక్క అంతస్తుతో ఆగదు. ప్లాను దాటి కట్టిన భవనానికి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రావడం కష్టం. అది వచ్చేదాకా, 2012 నాటి భవన నిబంధనల ప్రకారం బిల్డరు మున్సిపాలిటీకి తనఖా పెట్టిన పది శాతం కట్టడం విడుదల కాదు. ఆ తనఖాలో ఉన్న ఫ్లాటునే మీకు అంటగట్టడం లేదని ఎలా తెలుస్తుంది? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), తనఖా పత్రం తెప్పించుకుని చూస్తేనే తెలుస్తుంది. పైగా అదనపు అంతస్తు అమ్మిన కొద్దీ స్థలంలో అందరి వాటా తరిగిపోతుంది. కింది అంతస్తులో సక్రమంగా కొన్నవాళ్లూ నష్టపోతారు.

బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పు వసూలవుతుందా అని. మీ ఇల్లు నిలబడుతుందా అన్నది ఆయన బాధ్యత కాదు. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే భవనాల మీద అప్పులివ్వాలని 2024 డిసెంబరు 17న మీరట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, అది చూడకుండా ఇస్తున్నారనే కదా. ఎన్నేళ్లు గడిచినా అక్రమ కట్టడం సక్రమం కాదని కూడా ఆ తీర్పు చెప్పింది. కాబట్టి రేటు పెరుగుతుందన్న ఆశ కాగితాలు సరిగ్గా ఉన్న ఫ్లాటుకే వర్తిస్తుంది. ఈ ఫ్లాటును రేపు మీరు అమ్మబోతే, కొనేవాడికి ఏ బ్యాంకు అప్పిస్తుంది?

ఇక డబ్బు. నలభై లక్షల ఫ్లాటుకు నాలుగు లక్షలు బయానా ఇచ్చారనుకోండి. అది పోతుందన్న భయంతో రిజిస్ట్రేషన్‌కు వెళితే, 7.5 శాతం లెక్కన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చే మూడు లక్షలు. ముప్పై లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్లపాటు నెలకు 26 వేలు. అవి కందులమ్మిన పైసలు, పీఎఫ్ పైసలు, ఆడబిడ్డ ఒంటిమీది బంగారం. నాలుగు లక్షలు కాపాడుకోవడానికి వీటన్నిటినీ పణంగా పెట్టమని చెప్పడం న్యాయమా?

తన మనసు మారిందనో, రేటు పడిందనో వెనక్కి తగ్గేవాడి సంగతి వేరు. గురుగ్రామ్ ఫ్లాటు కేసులో అలాంటి కొనుగోలుదారు నుంచి పది శాతం మినహాయించుకోవడం సబబేనని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. ఒప్పందంలో రాసుకున్న ఇరవై శాతాన్ని మాత్రం ఏకపక్షమని ఒప్పుకోలేదు. కారణం లేకుండా మానుకున్నవాడికే అంత రక్షణ ఉంటే, మోసపోయినవాడు ఎందుకు భయపడాలి?

రెరా కింద నమోదైన ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా పది శాతం మించి తీసుకోకూడదు. తప్పుడు ప్రకటన చూసి కొన్నా, చెప్పిన గడువుకు ఇల్లు అప్పగించకపోయినా వడ్డీతో సహా వెనక్కి అడగవచ్చు. కానీ స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరా నమోదు అక్కర్లేదు. చిన్న ఊళ్ల చిన్న అపార్టుమెంట్లు చాలావరకు ఈ సందులోంచే జారిపోతాయి. అక్కడ కొనేవాడి అసలు బలం బయానాకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఉన్న ఆ కొద్ది రోజులే. ఇంకా ఇవ్వాల్సిన ముప్పై ఆరు లక్షలు అప్పటికి మీ చేతిలోనే ఉంటాయి. సంతకం పెట్టాక బిల్డరు మీ ఫోను ఎత్తాల్సిన అవసరం కూడా ఉండదు.

అందుకే మధ్యవర్తితో కబుర్లు పంపడం మానండి. లోపం ఏమిటో పేరుపెట్టి రాసి, అడిగిన కాగితాల జాబితా జతచేసి, గడువు పెట్టి స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. బయానా రసీదు, బ్రోచరు, వాట్సాప్ సందేశాలు దాచుకోండి. గడువులోగా జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మీరు చెల్లించిన ధర యాభై లక్షలు మించనంతవరకు జిల్లా కమిషనే వింటుంది.